జాజు దోస్తులు, ఒక్క జత చెప్పులు

ముందే చెప్తున్న, గీ ప్యాంటు ఎనుక దిక్కు ఎవ్వరు చూడకున్రి. ఆ ఎరుపు నెత్తురు కాదు, పాన్ మరక కాదు, నేను ఎవని మీద పడి కొట్లాడింది అసలే లేదు. ఇంకో ప్యాంటు వానకు ఆరలేదు, ఏం చెయ్యాలె? నిన్న ఆదివారం ఏమైందో మొత్తం చెప్త గని, నడుమ నవ్వద్దు. నవ్విన్రో, గీ డబ్బా మూత పెడ్త. డబ్బల గారెలున్నయి. ఎనిమిది మందికని చేసినయి. తీస్కోన్రి, చాయ్ ల ముంచుకోని తింటె మంచిగుంటయి.

మా ఇంటి సంగతి మీకెరికే. ముగ్గురం, మూడు జిల్లాలు. నేను గీ భూపాలపల్లిల. మా సుజాత మహబూబాబాద్ జిల్ల, మరిపెడ దవాఖానల నర్సు. బిడ్డ అనూష జనగామల కాలేజి హాస్టల్. ఎనుకట గిదంత ఒక్కటే జిల్ల ఉండె. దాన్ని ముక్కలు చేస్తున్నరంటే, "మంచిగైంది, ఆఫీసులు దగ్గరికొస్తయి" అని చప్పట్లు కొట్టినోన్ని నేనే! ఆఫీసులు నిజంగనే దగ్గరికొచ్చినయి. మేము ముగ్గురమే ఒక్క కంచం కాడ కూసోవాలంటే రెండు బస్సులు మారుతున్నం.

ఇగ మీ సంగతికొస్త. కోపానికి రాకున్రి. ఐదు కొట్టంగనే మీరంత హన్మకొండ బస్సు అందుకోవాలని ఉరుకుతరు. తప్పని అంటలేను, మీ ఇండ్లు అక్కడున్నయి. గని మీరు ఉరికినంక గీ ఆఫీసుకు తాళమేసేది నేనే గద. తాళమేసి, గల్లి దాటి, కొమురవ్వ ఇంట్ల నేను కిరాయికున్న అర్రకు పోత. ఫ్యాను ఏస్త. ఆ తర్వాత తెల్లారేదాంక నాతోటి మాట్లాడే జీవి ఒక్కటి ఉండది. అర్రల ఎంత నిమ్మలమంటే, నేను నీళ్లు మింగితే గుటక నాకే ఇనవడ్తది. టీవీ పెట్టుకోవచ్చు గద అంటరు. పెట్టి చూసిన. టీవీల మనుషులు ఒర్రుతరు, వార్తలోళ్లు కొట్లాడుతరు. నాకు కావాల్సింది ఒర్రుడు కాదు. పక్కన నలుగురు మనుషులు ఉన్నట్టు ఉండాలె, గంతే.

ఒకనాడు మాపటికి ఏదన్న పాత జాతర సప్పుడు విందామనిపించింది. డప్పులు, బూరలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకుల పిలుచుడు, గదంతా. ఫోన్ల 'జాతర లైవ్' అని కొడ్తున్న. నా బొటనవేలు మీకెరికే, బెండకాయంత ఉంటది. రెండక్షరాలు పడంగనే ఫోను దాని తెలివి అది చూపించి 'జాజ్ ఫెస్టివల్ లైవ్' అని రాసుకున్నది. సరే, ఫెస్టివల్ అంటే సుత జాతరనే గద అని నొక్కిన.

ఏదో దూర దేశమట, ఊరి పేరుకు నా నోరు తిరగది. చిన్న టౌను. ఏటేట అక్కడ జాజ్ పండుగ చేస్తరట. ఎవరో పుణ్యాత్ముడు ఆ పాత రికార్డులన్ని వెతికి, ఏడాదికొకటి చొప్పున నెట్ల పెట్టిండు. అన్ని లైవ్, జనం ముందట వాయించినయే. మా బిడ్డ ఇచ్చిపోయిన చిన్న స్పీకరు ఉన్నది, దానికి కలిపిన. ఒకాయన వంకర సన్నాయి అసొంటిది ఊదుతున్నడు. అదే, మన పెండ్లిళ్ల బ్యాండోళ్ల కాడ సుత ఉంటది చూడు, సాక్సోఫోన్. మొదలు పెట్టిన పాట ఒకటి, పోయిన తొవ్వ ఇంకోటి. మేతకు పోయిన బర్రె లెక్క ఊరంత తిరిగి తిరిగి ఆఖరికి కొట్టం కాడికే వస్తడు. నాకేం సమజ్ కాలే.

గని ఆయన కొట్టం చేరంగనే ఏమైందో తెలుసా? చప్పట్లు! వాన పడ్డట్టు చప్పట్లు! ఎవరో ఈల ఏసిన్రు, ఎవరో నవ్విన్రు, కుర్చీలు జరిగినయి, గిలాసలు తాకినయి. నేను అప్పుడే పప్పుల పోపు పెట్టిన. పోపు సుయ్యిమన్నది, చప్పట్లు మోగినయి. ఒట్టు, చేతుల గంటె పట్టుకోని అటు తిరిగి తల వంచి దండం పెట్టిన! నా పప్పుకు ఇన్నేండ్లల్ల ఎవరన్న చప్పట్లు కొట్టిన్రా?

తెల్లారి ఆ రికార్డులన్ని స్పీకర్ల కార్డుకు ఎక్కించుకున్న, ఇగ ఆ రోజు సంది అదే పని. ఆఫీసు నుంచి రాంగనే ఒక ఏడాది రికార్డు పెడ్త. పాట వస్తుంటే ఉల్లిగడ్డలు కోస్త, జనం మాటలు రాంగనే చేతులాపి వింట. వాళ్లల్ల ఒకాయన దోస్తయిండు నాకు. పేరు తెల్వది. ఏ ఏడాది రికార్డు పెట్టినా, పాట నెమ్మది అయ్యే కాడ సరిగ్గ దగ్గుతడు. ఖళ్ ఖళ్ అని రెండు సార్లు. నేను 'దగ్గు సారు' అని పేరు పెట్టుకున్న. "నమస్తే సార్, అచ్చిన్రా" అనేటోన్ని. ఒక ఏడాది రికార్డుల ఆఖరిదాంక దగ్గు రాలే. నవ్వద్దన్న గద! నిజం చెప్తున్న, ఆ మాపు నాకు అన్నం సయించలే. ఆయనకేమైందో అని ఇంకో రికార్డు పెట్టి, దగ్గు ఇన్నంకనే కంచం ముందట కూసున్న.

ఒక్కనాడు నేను స్పీకరు ఆపక ముందే సుజాత ఫోన్ చేసింది. ఎత్తంగనే ఎనుక చప్పట్లు.

"ఏందయ్య, అంత మంది ఎవరు?" అన్నది.

రికార్డు పెట్టుకున్ననే అంటే సరిపోతుండె. గని ఆమె గొంతుల ఒక సంబురం ఇనవడ్డది. నోట్లె నుంచి మాట జారింది.

"దోస్తులు. రోజు మాపటికి అస్తరు."

"నిజంగనా? ఎంత మంచి మాట చెప్పినవు! నువ్వొక్కనివే గోడలు చూసుకుంట కూసుంటవని నాకు ఎంత రంది ఉండెనో."

ఇగ చెప్పున్రి, ఆ మాట ఇన్నంక 'లేరు' అని ఎట్ల అంట? ఆమె రంది పోయింది, నా నోరు మూసుకపోయింది. అప్పటి సంది ఆమె ఫోన్ చేసే టైముకు కావాల్నని చప్పట్లున్న కాడ పెట్టి ఉంచేటోన్ని. సిగ్గు లేదా అంటే, ఉన్నది. గని ఆమె నవ్వుకుంట ఫోన్ పెట్టేస్తుంటే ఆ సిగ్గు ఆగి ఆగి వచ్చేది.

ఇక్కడిదాంక బాగనే ఉండె. గోడ అవతల కొమురవ్వ ఉన్నదని మరిచిన. ఆమెది మొగుళ్లపల్లి. గీ టౌన్ల ఇల్లు కట్టుకోని అంగట్ల కూరగాయలు అమ్ముతది. మనిషి మంచిది గని కండ్లు మాత్రం పోలీసు కండ్లు. ఒక పొద్దుటి పూట నా తలుపు ముందట నిలవడ్డది.

"సారు, ఒకటి అడుగుత, ఏమనుకోకు. రోజు మాపటికి నీ అర్రల మస్తు మంది నవ్వుతరు, చప్పట్లు కొడ్తరు. గని బయట చూస్తె చెప్పులు ఒక్క జతనే ఉంటయి. గదేంది?"

సుజాతకు ఫోన్ల చెప్పులు కనవడయి. ఈమెకు కనవడ్తయి. ఉన్నది ఉన్నట్టే చెప్దామని, "అది జాజ్ అవ్వ. జాజ్ పండుగ" అన్న.

కొమురవ్వ ముఖం ఇప్పారింది. "జాజా! ఓ, జాజు పనోళ్లా నీ దోస్తులు! గట్ల చెప్పు మరి. జాజు పూసేటోళ్లు చెప్పులెక్కడ ఏసుకుంటరు తీ!"

జాజంటే మీకెరికే గద, అరుగులకు, గోడల అడుగుకు పూసే ఎర్రమట్టి రంగు. బతుకమ్మకు ముందు పెత్తరమాస వస్తుందంటే ఇంటింటికి జాజు, సున్నం. నాకు ఆ నిమిషం ఏమనిపించిందంటే, ఎవ్వరు జవాబు చెప్పలేని ప్రశ్నకు ఆమెనే జవాబు చెప్పుకున్నది, దేవుడున్నడు అనిపించింది. "అవునవ్వ" అన్న. గంతే. నా బతుకు ఆ 'అవునవ్వ' కాడ మలుపు తిరిగింది.

తెల్లారి గిలాసల మిరియాల కషాయం తెచ్చింది.

"ఒకాయన పాపం రోజు దగ్గుతడు గద. సున్నం దుమ్ము గొంతుల వడి ఉంటది. ఆయనకు తాగించు."

"ఆయన ఇప్పుడు లేడవ్వ."

"మాపటికి అస్తడు గద. వేడి చేసి ఇయ్యి."

మాపటికి వేడి చేసిన. దగ్గు సారు దగ్గంగనే నేను తాగిన. అది ఎంత ఘాటు ఉన్నదంటే, తాగినంక నాకు నిజంగ దగ్గొచ్చింది. గోడ అవతలి నుంచి కొమురవ్వ "అయ్యో, ఇంక తగ్గలే" అనుడు ఇనవడ్డది. నాలుగు రోజులు తెచ్చింది. నాలుగు రోజులు తాగిన. నా ఆరోగ్యం మాత్రం మస్తుగ అయింది.

ఇగ నిన్నటి ముచ్చట. నిన్న నేను మరిపెడ పోవాలె. సుజాతకు డ్యూటీ పడ్డది, బిడ్డకు పరీక్షలు. సరే, ఇంట్లనే పండుకుందామనుకున్న. పొద్దుగాల తలుపు కొట్టిన సప్పుడు. తీస్తె కొమురవ్వ. ఆమె ఎనుక ఒక పెద్ద బేసిన్ నిండ నానవెట్టిన జాజు, బకెట్ల సున్నం, కుంచెలు.

"సారు, పెత్తరమాస దగ్గరికొచ్చింది. నీ దోస్తులను పిలువు. దోస్తులు గద, నాకు జర సాయం పట్టుమను. కోడి కోసి, గారెలు చేస్త. ఎంత మంది ఉంటరు?"

"ఎంత మంది?" అన్న నేను.

"సప్పుడు ఇంటే ఎనిమిది మంది ఉంటరనిపిస్తది."

నిజం చెప్పు, నిజం చెప్పు అని లోపట మనసు ఒర్రుతనే ఉన్నది. గని ఎట్ల చెప్పాలె? "అవ్వా, నాకు ఎవ్వరు లేరు, ఎప్పుడో ఏదో దేశంల కొట్టిన చప్పట్లు పెట్టుకోని నాకే కొట్టిన్రని అనుకుంట" అని చెప్పాలెనా? నలభై ఎనిమిదేండ్ల మనిషిని. సర్కారు కొలువుల ఉన్నోన్ని.

"అస్తరవ్వ, తొవ్వల ఉన్నరు" అన్న.

ఆమె అంగట్లకు పోయింది. నేను ఒక్కన్నే ఎనిమిది మందిని కావాల్సి వచ్చింది. పాత ప్యాంటు ఏదని వెతికిన, దొరకలే, ఆఫీసు ప్యాంటే మోకాళ్లదాంక మడిచిన. పుట్టినకాంచి కుంచె పట్టింది లేదు. సున్నం గోడకు పూస్తే మోచేతి దాంక కారింది. జాజు పట్టీ సక్కగ గీద్దామంటే పాము పోయినట్టు వచ్చింది. గంటన్నరల ఒక గోడ అయింది, నా నడుము సుత అయిపోయింది. అప్పుడు కొమురవ్వ రానే వచ్చింది.

"అచ్చిన్రా?"

"అచ్చిన్రవ్వ. లోపట బట్టలు మార్చుకుంటున్నరు, సున్నం కలుపుతున్నరు. లోపటికి పోకు."

రోజు కార్డు నుంచి మోగే స్పీకరును ముందుగాలనే ఫోనుకు కలిపి తయారున్న. జేబుల ఉన్న ఫోన్ల పాట నొక్కిన. అర్రల స్పీకరు మోగింది. సాక్సోఫోన్, నవ్వులు, చప్పట్లు. సమయానికి దగ్గు సారు సుత ఖళ్ ఖళ్ అన్నడు. ఎంత నమ్మకమైన దోస్తు!

"పాపం, ఆయన సుత అచ్చిండా!" అన్నది కొమురవ్వ.

ఆమె లోపట వంట పనిల వడ్డది, మధ్యాహ్నమయ్యేసరికి గోడలు, అరుగు నేనొక్కన్నే పూర్తి చేసిన. ఆఖరికి నా అర్ర గడపకు సుత జాజు పూసి, బేసిన్ గడప బయట పెట్టిన. అప్పటికి ఎదురింటి ఆటో సమ్మన్న వచ్చి నిలవడ్డడు. "అన్నా, నీ దోస్తులల్ల ఇద్దరిని నా ఇంటికి సుత పంపరాదే" అంటడు. ఆయన ఎనుక ఇరుగుపొరుగు ఐదారుగురు. కొమురవ్వ ఎనిమిది ఇస్తారాకులల్ల అన్నం, కూర, గారెలు పెట్టింది.

"రమ్మను బయటికి. అరుగు మీద కూసోని తింటరు."

"లోపట్నే తింటరవ్వ. సిగ్గు పడ్తున్నరు."

"జాజు పనోళ్లకు సిగ్గేంది?"

"వీళ్లు జర కొత్తోళ్లు."

ఎనిమిది ఆకులు ఒక్కొక్కటి లోపటికి మోసిన, తడి గడప తొక్కకుంట కాళ్లు చాపి దాటుకుంట. వరుసగ కింద పరిచిన. ఎట్లయిన ఎనిమిది ఖాళీ చెయ్యాలె గద. కూసున్న. ఒక ఆకు ఖాళీ చేసిన. రెండో ఆకు కాడ ముద్ద దిగలే. కూర మంచిగనే ఉన్నది. గని పక్కన ఏడు ఆకులు, ఏడింటి ముందట ఎవ్వరు లేరు. స్పీకర్ల జనం నవ్వుతున్నరు. ఆ నవ్వు ఆ రోజు నాకు మస్తు దూరం నుంచి వచ్చినట్టు ఇనవడ్డది. మూడు నెలల సంది గిట్లనే తింటున్ననా అనిపించి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. లేచి చెయ్యి కడుక్కోని, తలుపు దగ్గరికేసి బయటికొచ్చిన.

సరిగ్గ అప్పుడు జేబుల ఫోన్ మోగింది. సుజాత. చూడకుంటనే ఎత్తి చెవుకు పెట్టుకున్న. చెవుల సప్పుడు లేదు. అర్రల పాట ఆగింది. లోపటి నుంచి మైకు పెట్టినట్టు ఆడిమనిషి గొంతు!

"ఏందయ్య, తిన్నవా?"

కొమురవ్వ చేతుల గంటె ఆగింది. సమ్మన్న నా ముఖం చూసిండు. ఫోను స్పీకరుకు కలిపి ఉన్నదని అప్పుడు యాదికొచ్చింది.

"హలో, హలో!" అని నేను ఒర్రుతున్న. ఆమెకు నా మాట ఇనవడ్తలేదు. ఆమె మాట గల్లి మొత్తం ఇనవడ్తున్నది.

"హలో? సిగ్నల్ లేదేమో. నీ దోస్తులు ఉన్నరా? ఉంటె మంచిదే. నువ్వొక్కనివే ఉన్నవంటె నాకు బుక్క దిగది. వాళ్లున్నరన్న ధైర్నంతోనే ఇక్కడ డ్యూటీ చేస్తున్న. వాళ్లకు నా నమస్తే చెప్పు."

"లోపట ఆడామె ఎవరు సారు?" కొమురవ్వ గంటె ఎత్తుకోని ఉరికింది. నేను అడ్డం పోయేలోపల తలుపు తోసి గడప దాటింది.

లోపట ఎవరున్నరు? ఎనిమిది ఆకులు. ఒకటి ఖాళీ, ఏడు నిండ. నడుమ పిడికెడంత స్పీకరు.

"ఎనిమిది మందేరి?" కొమురవ్వ మంచం కిందికి సుత వంగి చూసింది. "ఎవ్వరు లేరు గద! ఒక్కనివే ఉన్నవు గద సారు!"

స్పీకర్ల నుంచి సుజాత గొంతు, సన్నగ: "ఎవ్వరు లేరా?"

నేను గడప మీద నిలవడి, లోపటికి వంగి చెప్పిన. "లేరు సుజాత."

"మరి రోజు నేను ఇన్న చప్పట్లు?"

"రికార్డువి. ఎప్పటియో. ఎవరియో."

"దగ్గేటాయన?" ఇది కొమురవ్వ.

"ఆయన సుత రికార్డే అవ్వ."

"మరి నా కషాయం ఎవడు తాగిండు?"

"నేనే."

గల్లిల ఎవరో కిసుక్కుమన్నరు. సుజాత నవ్వలే. "మూడు నెలల సంది నువ్వొక్కనివేనా?" అన్నది. ఆ గొంతు ఇన్నంక నాకు అక్కడ నిలవడబుద్ధి కాలే. లోపట కొమురవ్వ నన్నే చూస్తున్నది, బయట గల్లి నన్నే చూస్తున్నది. "ఊ" అనుకుంట ఎనుకకు అడుగేసిన. గడప మీద జాజు నేనే పూసిన, తడి ఆరలేదని నాకే తెల్వాలె. మడిమ జర్రున జారింది. రెండు చేతులు గాల్లెకు లేచినయి, ఎనుక బేసిన్ తయారుగ ఉన్నది. దబ్బున పోయి అండ్ల కూసున్న. సక్కగ, కొలిచి చేసినట్టు. నా తల మీద నుంచి సమ్మన్న అంగి దాంక అంత ఎరుపే.

సమ్మన్న ముఖం మీది జాజు తుడుచుకున్నడు. నా దిక్కు చూసిండు, గోడ మీద పాము పట్టీ దిక్కు చూసిండు, మల్ల నా దిక్కు చూసిండు. చప్పట్లు కొట్టుడు మొదలు పెట్టిండు. ఆయనను చూసి పక్కింటోళ్లు. ఆఖరికి కొమురవ్వ సుత గంటె చంకల పెట్టుకోని కొట్టవట్టింది. ఎవరో ఈల ఏసిన్రు. ఎవరో "మల్లొక్కపారి!" అని ఒర్రిన్రు.

లోపటి నుంచి సుజాత, కోపంగ, ఏడుపు గొంతుతోటి: "సిగ్గుండాలె నీకు! చెప్పినంక సుత ఆపవా? ఇంక ఆ చప్పట్లేంది? గవి సుత రికార్డేనా?"

నేను బేసిన్ల కూసోనే, లోపటికి ఇనవడేటట్టు గట్టిగ చెప్పిన.

"కాదు సుజాత. గివి నాకే!"